పల్లి పడని పిల్ల

ఎస్తేరుకు కోపం వస్తే నోరు తెరవదు, గరిటెతో గిన్నె అంచు మీద కొడుతుంది. ఒక దెబ్బకు పిల్లలు వరుస సరిచేసుకుంటారు. రెండో దెబ్బకు తోడు వంటామె జన్నత్ బీ కూరగాయల కత్తి పక్కన పెట్టి ఏమైందోనని తిరిగి చూస్తుంది. మూడో దెబ్బ పడిందంటే హెడ్మాస్టరు దశరథం సారే ఆఫీసు గదిలోంచి బయటికి వస్తాడు. మర్రిగూడకు ఆరు మైళ్ల అవతల బోడగుట్ట అనే ఊళ్లో, సర్కారు ప్రాథమిక బడిలో, ఇరవై ఒక్క ఏళ్లుగా మధ్యాహ్నం వంట ఆమెదే. సార్లు మారారు, రాష్ట్రం మారింది, కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. ఎస్తేరు మాత్రం మారలేదు.

మోకాళ్లు మారాయి. ఆ ఊరి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగిన తరం ఆమెది. పదేళ్లకే పళ్లకు గార పట్టింది, ముప్పై దాటేసరికి కాళ్లు విల్లులా వంగాయి. నల్లాల్లో మంచినీళ్లు వచ్చాయిగాని వంగిన ఎముకలు వంగే ఉన్నాయి. బియ్యం మూట నెత్తిన పెట్టుకొని పక్కకు ఊగుతూ నడుస్తుంటే కొత్తవాళ్లు అయ్యో అంటారు. ఆమెకు ఆ అయ్యోలు గిట్టవు. "గా నీళ్లు తాగే బతికినోళ్లం, ఇగ మనల్ని ఏం సంపుతది" అంటుంది. ఇది ఆమె ఒక్కతి మాట కాదు, ఆ ఊరి మాట. ఒంటికి ఫలానాది పడదంటే బోడగుట్టలో ఎవరూ నమ్మరు. విషాన్నే అరాయించుకున్నామన్న పొగరు ఒకటి వాళ్లకు మిగిలింది, పాపం, మిగిలిందల్లా అదే.

ఎస్తేరు నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఆమె వంట మొదలుపెట్టిన రోజునాటిది.

బడుల్లో వేడి అన్నం పెట్టాలని సర్కారు చెప్పిన ఏడు, వంటకు ముందుకొచ్చింది ఎస్తేరు ఒక్కతే. మాదిగవాడ మనిషి, చేతికి పని కావాలి. మొదటిరోజు అన్నం, పప్పు, చారు చేసి మూతలు తీసి కూర్చుంటే అరవై మంది పిల్లల్లో ఇరవై మందే పళ్లేలు పట్టుకొచ్చారు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే కేసవుతుందని అప్పటికే అందరికీ తెలుసు. అందుకని ఊరంతా కూడబలుక్కున్నట్టు ఒకటే మాట నేర్చుకుంది. "మా పిల్లగానికి పొట్టకు పడదు."

భూములున్న ఇంటి అండాలమ్మ తన కొడుకు వెంకటేష్‌ను రెక్క పట్టుకొని వరుసలోంచి గుంజుకుపోయింది. వాడికి తొమ్మిదేళ్లు. మర్నాడు వాడు అరుగు మీద ఒక్కడే కూర్చొని ఉంటే ఎస్తేరు దగ్గరికి పోయి అడిగింది.

"తినవా బిడ్డా?"

"పప్పు పడదు."

"పోనీ చారు పోస్త."

"చారు పడదు."

"ఉత్త అన్నం?"

"అన్నం సుత పడదు" అన్నాడు వాడు గుటకలు మింగుతూ. పక్కనున్న పిల్లలు పకపకా నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది. ఇంటికి పోయాక నవ్వు రాలేదు.

ఏళ్లు గడిచాయి. ఆకలి కులం కంటే పెద్దది కాబట్టి వరుస మెల్లగా పెరిగింది. ఉన్నోళ్ల పిల్లలు ప్రైవేటు బడుల బస్సులెక్కారు, మిగిలిన పిల్లలంతా తిన్నారు. సోమవారం కిచిడి. సర్కారు కాగితంలో కిచిడి, కూర అనే ఉంటుందిగాని ఎస్తేరు తన సొంతంగా పల్లి తొక్కు కలిపింది. వేయించిన పల్లీలు, ఎండు మిరపకాయలు, ఎల్లిపాయ, కాస్త చింతపండు. ఆ తొక్కు కోసమే సోమవారం నాడు బడికి డుమ్మా కొట్టేవాడు ఉండడు. తన బతుకులో నలుగురు మెచ్చింది అదొక్కటేనని ఆమెకు తెలుసు.

రెండు వేల ఇరవై నాలుగు జూన్‌లో, బడి తెరిచిన మూడో రోజు, వంటగది గడప బయట ఒక చిన్న వయసు తల్లి వచ్చి నిలబడింది. పక్కన రెండు జడల పిల్ల.

"అక్కా, మా బిడ్డ వర్షిత. రెండో తరగతి. పిల్లకు పల్లి పడదు. జరంత తిన్నా ఒళ్లంత దద్దుర్లు లేస్తయి, గొంతు మూసుకపోతది, గాలి ఆడది. రెండేండ్ల పిల్లప్పుడు సావు దాంక పోయొచ్చింది. జర సూస్కో అక్కా."

"ఎవరి ఇంటి కోడలివమ్మా?" అన్నది ఎస్తేరు.

"వెంకటేష్ భార్యను. నా పేరు నాగరాణి. మాది కేతేపల్లి. పట్నంల కారు నడుపుతుండె, గిరాకి లేక ఈడికే వచ్చినం."

ఎస్తేరు గరిటె గిన్నె అంచు మీద టంగుమన్నది. ఆ తల్లికి అదేమిటో తెలియదు. ఆమె గడప బయట నిలబడింది చెప్పులున్నాయని. ఎస్తేరుకు చెప్పులు కనబడలేదు, గడప కనబడింది. అండాలమ్మ కోడలు, వెంకటేష్ పెళ్లాం, 'పడదు' అనే మాట. మూడూ ఒక్కచోట కలిశాక ఇంక ఆలోచించేదేముంది అనుకుంది.

నాగరాణి దశరథం సారు దగ్గరికి పోయి డాక్టరు రాసిన కాగితం ఇచ్చింది. పల్లి కడుపులోకి పోయిందని అనుమానం వస్తే చాలు, ఆగకుండా పెద్ద దవాఖానకు తీసుకుపోయి సూది వేయించాలని అందులో ఉంది. సారు రెండుసార్లు చదివి, మడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. వెళ్తూ వెళ్తూ వంటగదిలోకి తొంగిచూసి "ఎస్తేరూ, ఆ పిల్లకు పల్లి పెట్టకు" అన్నాడు. అంతే. జెండా పండుగకు ఎన్ని లడ్డూలు కావాలో తేల్చడానికి రెండు మీటింగులు పెట్టే మనిషి, దీనికి అరనిమిషం కూడా నిలబడలేదు.

నిజం చెప్పాలంటే ఆ పిల్లను కాపాడింది జన్నత్ బీ. తొక్కు గిన్నె మూత తీయకముందే వర్షితకు మొదట వడ్డించేది, ఆ పిల్లకు వేరే గరిటె పెట్టింది. జన్నత్ బీ మనవరాలు అఫ్రీన్‌ది కూడా అదే తరగతి. వర్షితకు ప్రాణ స్నేహితురాలు. పల్లీలు తిన్న రోజు ఆ పిల్ల బోరింగు దగ్గర మూతి, చేతులు కడుక్కొనిగాని వర్షిత పక్కన కూర్చునేది కాదు. ఏడేళ్ల పిల్లకు ఉన్న బుద్ధి అది.

"నువ్వు నమ్ముతున్నవా ఈ పల్లి కథ?" అని ఎస్తేరు ఒకరోజు అడిగింది.

"నమ్మనీకేమున్నది. మా చెల్లె బిడ్డకు గుడ్డు పడది. పడనోళ్లకు పడది" అన్నది జన్నత్ బీ.

"పల్లి చేన్ల పుట్టినోళ్లకు పల్లి పడదా?"

"నువ్వు బోరునీళ్లల్ల పుట్టినవ్ గదా, పడ్డయా నీకు?"

ఎస్తేరు గరిటె రెండుసార్లు కొట్టింది. జన్నత్ బీ నవ్వి ఊరుకుంది.

వర్షిత మాత్రం ఎవరికీ అడ్డం రాని పిల్ల. వరుసలో వచ్చి పళ్లెం చాచి ప్రతిరోజూ ఒకటే మాట అడిగేది. "అవ్వా, పల్లి లేదు గదా?" లేదని చెబితే కడుపు నిండా తినేది. తిన్నాక పళ్లెం తనే కడిగి తెచ్చి ఇచ్చేది. ఎస్తేరు ఆ పిల్లను ముద్దు చేయాలని చూసి, వెంకటేష్ కళ్లే దానికొచ్చాయని గుర్తుచేసుకొని, చేయి వెనక్కి తీసుకునేది.

ఆగస్టులో అండాలమ్మ రంగంలోకి దిగింది. డాక్టరు కాగితం ఆమెకు దేవుడిచ్చిన వరమైంది. సోమవారం సోమవారం మనవరాలికి ఇంటి నుంచి డబ్బా పంపడం మొదలుపెట్టింది. పై వారం వాళ్ల వాడకట్టులో ఇంకో రెండిళ్లు, ఆ పై వారం నాలుగు. అందరి పిల్లలకూ ఉన్నట్టుండి ఏదో ఒకటి పడకుండా పోయింది. ఒకడికి పప్పు, ఒకతెకు గుడ్డు, ఇంకొకడికి నూనె. నలభై మూడు మంది తినే వరుసలో ముప్పై ఐదు మంది మిగిలారు. దశరథం సారు రిజిస్టరులో సున్నాలు చుట్టుకుంటూ "తల్లిదండ్రుల ఇష్టం" అన్నాడు.

ఒకరోజు సబ్బు కోసం కిరాణా కొట్టుకు పోతే అండాలమ్మ గొంతు వినబడింది. లోపల ఎవరితోనో చెబుతోంది. "కోడలు తెచ్చిన కాయితం మంచిగ అక్కరకొచ్చింది. ఇరవై ఏండ్ల సంది ఏం జెప్పి తప్పించుకోవాల్నో తెల్వకపోయె. ఇగ గా చేతి కూడు తినే కర్మ తప్పింది." ఎస్తేరు సబ్బు తీసుకోకుండానే తిరిగొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు ఆమె అరవై గిన్నెలు తోమి, ఆ ఊరి రెండు తరాల పిల్లల ముక్కులు తుడిచి, పొయ్యి పొగకు కళ్లు మండించుకొని సంపాదించుకున్న వరుస అది. ఒక కాగితం ముక్కతో విరిగిపోయింది. కోపం వచ్చిందంటే రాదా మరి. ఎవరికైనా వస్తుంది.

ఆ మరుసటి వారమే బడి ముందున్న దుకాణం దగ్గర వర్షిత ఒక బెల్లం పట్టి కొరుక్కు తింటుండగా ఎస్తేరు దూరం నుంచి చూసింది. అది నువ్వుల పట్టి. దగ్గరికి పోయి చూస్తే తెలిసేది, అడిగినా చెప్పేది. ఎస్తేరు పోలేదు, అడగలేదు. పల్లి పట్టి అనే అనుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంటి దగ్గర తింటే పడుతుంది, నా చేతిది పడదు, అంతే కదా అనుకుంది. ఆ రాత్రే ఆమె మనసులో ఒక ఆలోచన పడింది.

చంపాలని కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఊరు చాలా మాటలన్నది. ఎస్తేరుకు కావలసింది ఒక్కటే. పిల్ల పల్లి తిని, మూతి తుడుచుకొని, ఎగురుకుంటూ ఆడుకోవాలి. అప్పుడు అండాలమ్మను బడికి పిలిపించి, సారు ముందు, అందరి ముందు, 'ఇగో, తిన్నది, ఏమైంది?' అనాలి. ఇరవై ఒక్క ఏళ్లకు ఒక్కసారి తను నవ్వాలి, వాళ్లు తల దించుకోవాలి.

దసరా సెలవులకు ముందు వచ్చిన సోమవారం జన్నత్ బీ కళ్లు చూపించుకోవడానికి నల్లగొండ పోయింది. వంటగదిలో ఎస్తేరు ఒక్కతే. తొక్కు నూరలేదు. పల్లీలు వేయించి, పొట్టు ఊది, మెత్తగా పొడి కొట్టి, టమాట కూరలో కలిపింది. కారం ఒక పాలు ఎక్కువ వేసింది, రుచి దొరకకుండా. ఆ రోజు వర్షిత చేతిలో డబ్బా లేదు. ఎందుకు లేదో ఎస్తేరు అడగలేదు. తన పని తేలికైందని మాత్రం అనుకుంది.

"అవ్వా, పల్లి లేదు గదా?" అన్నది పిల్ల పళ్లెం చాచి.

"లేదు బిడ్డా, తిను."

కిచిడి పెట్టి, మీద కూర పోసింది. పిల్ల అఫ్రీన్ పక్కన కూర్చొని తిన్నది. కారానికి ఊఫ్ ఊఫ్ అనుకుంటూ తిన్నది. మళ్లీ లేచి వచ్చి "అవ్వా, కూర మంచిగున్నది, ఇంకొంచెం" అన్నది. ఎస్తేరు ఇంకొంచెం పోసింది.

కాసేపటికి వర్షిత పెదవులు గోకుకోవడం మొదలుపెట్టింది. ఎస్తేరు గిన్నెలు సర్దుతూ ఓరకంట చూసింది. నటిస్తున్నది అనుకుంది, వెంకటేష్ బిడ్డ కదా. పిల్ల దగ్గింది. మెడ ఎర్రబడింది. తిన్నదంతా అరుగు కింద కక్కుకుంది. అఫ్రీన్ పరుగెత్తుకొచ్చి "ఎస్తేరవ్వా, వర్షిత కండ్లు ఉబ్బినయి" అని కొంగు పట్టుకొని లాగింది. అప్పుడు చూసింది ఎస్తేరు. పిల్ల ముఖం పిల్ల ముఖంలా లేదు. గాలి కోసం గొంతులోంచి ఈల శబ్దం వస్తోంది.

దశరథం సారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఎస్తేరూ, పల్లి ఏమన్న పెట్టినవా?"

ఇక్కడ ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. సారు బండి అక్కడే ఉంది. కాగితంలో ఏముందో ఆయనకు తెలుసు. నేరుగా పెద్ద దవాఖానకు పోతే అరగంట. ఎస్తేరు నోరు తెరిచింది. ఆ నోటి ముందు నలుగురు మాస్టర్లు, ముప్పై మంది పిల్లలు, గోడ మీద నుంచి తొంగిచూస్తున్న వీధి మనుషులు. 'మాదిగది పటేలింటి పిల్లకు విషం పెట్టింది' అన్న మాట ఎవరూ అనకముందే ఆమె చెవిలో పడింది.

"లేదు సార్" అన్నది. "తొక్కే నూరలే ఇయ్యాల. సూడుండ్రి గిన్నెల."

తొక్కు గిన్నె నిజంగానే ఖాళీగా ఉంది. సారు నమ్మాడు. పల్లి తినలేదంటే ఎండదెబ్బో, మరేదో. ఊళ్లో సూదులు వేసే హనుమంతును పిలిపించాడు. అతను నాడి చూసి, గ్యాసు అన్నాడు, ఒక సూది వేశాడు, ఉప్పు నీళ్ల సీసా ఎక్కించడానికి నరం వెతికాడు. నరం దొరకలేదు. ఇరవై నిమిషాలు పోయాయి.

నాగరాణి పత్తి చేనులోంచి పరుగెత్తుకొచ్చింది. బిడ్డను చూడగానే ఆమెకు అర్థమైంది. "పల్లి తిన్నది. నా బిడ్డ పల్లి తిన్నది. అక్కా, నిజం జెప్పు, నీ కాళ్లు మొక్కుత" అని ఎస్తేరు రెండు చేతులూ పట్టుకుంది.

"నేను పెట్టలే" అన్నది ఎస్తేరు.

తల్లి ఇంక ఎవరి మాటా వినలేదు. బిడ్డను ఎత్తుకొని ఆటోలో పడింది. సగం దారి పోకముందే ఈల శబ్దం ఆగిపోయింది.

పిల్ల పల్లి తిన్నదని తల్లి చెబుతోంది, పెట్టలేదని వంటామె చెబుతోంది. మరి ఎవరు పెట్టారు? ఊరికి ఇంత తీరుబాటైన ప్రశ్న దొరికాక వదులుతుందా. ఎద్దు పుండు కాకికి ముద్దు. ఆ సాయంత్రమే పిల్లల సంచులు దులిపారు. అఫ్రీన్ సంచిలో రెండు పల్లికాయలు దొరికాయి. పల్లి పీకే రోజులు, ఆ ఊళ్లో ఏ పిల్ల సంచి దులిపినా నాలుగు రాలతాయి. దులపడం మాత్రం అఫ్రీన్ దగ్గర ఆగిపోయింది. "దోస్తు దోస్తు అనుకుంట తినిపిచ్చింది" అన్నది అండాలమ్మ. వెంకటేష్ ఆ పిల్ల చెంప మీద కొట్టిన దెబ్బకు ఐదు వేళ్లూ తేలాయి. అఫ్రీన్ ఏడవలేదు. "నేను చేతులు కడుక్కున్న" అని ఒకటే మాట అంటూ నిలబడింది. దశరథం సారు పైవాళ్లకు రాసిన కాగితంలో తోటి విద్యార్థిని దగ్గరి పల్లీలు తినడం వల్ల అని రాశాడు. బీరువా తాళం గురించి రాయలేదు.

రెండో రోజు జన్నత్ బీ ఎస్తేరు ఇంటికి వచ్చింది. పదహారేళ్లు ఒకే పొయ్యి ముందు కూర్చున్న మనుషులు.

"పిల్లకు జరమొచ్చింది. నిద్రల గూడ చేతులు కడుక్కుంటాంది" అన్నది జన్నత్ బీ. "నువ్వు ఆడనే ఉంటివి గదా ఎస్తేరూ. అఫ్రీన్ ఏం పెట్టలేదని ఒక్క మాట చెప్పరాదు. నీ మాట వింటరు."

"నేను సూడలే" అన్నది ఎస్తేరు.

జన్నత్ బీ ఆమె ముఖం వైపు చూసింది. మసకబారిన కళ్లకు ఏం కనబడిందో. లేచి వెళ్లిపోయింది. చెప్పలేదన్న పాపానికి ఇప్పుడు ఇంకో పాపం తోడైంది. ఎస్తేరు ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. చెప్పాలి అని వందసార్లు అనుకుంది, వందసార్లు భయపడింది. అలా భయపడినందుకు ఆమెను తిట్టాలనే ఉంటుంది. కాని ఆ భయాన్ని ఆమెకు నేర్పిన ఊరే ఆమెకు తీర్పు చెప్పబోతున్నది.

మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టుడు. వర్షితను పాతిపెట్టిన చేను గట్టు దగ్గర మోదుగు ఆకుల్లో పిల్లకు ఇష్టమైనవన్నీ పెట్టారు. బిస్కెట్లు, గుడ్డు, పాయసం, నువ్వుల పట్టి. కాకి వచ్చి ముడితే పోయిన జీవికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. రెండు గంటలు గడిచినా కాకి రాలేదు. కరెంటు తీగ మీద నాలుగు కూర్చున్నాయిగాని కిందికి దిగలేదు.

"ఆ ఎస్తేరక్క కిచిడంటే పానం దానికి" అన్నది నాగరాణి. బిడ్డ పోయాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "ఆ అక్కను వండి తెమ్మనుండ్రి."

అండాలమ్మ ఏదో అనబోయింది. ఎండెక్కుతోంది, కాకి ముట్టనిదే ఎవరూ ఇంటికి పోయి స్నానం చేయడానికి లేదు, మెతుకు ముట్టడానికి లేదు. ఊరుకుంది.

కబురు వచ్చినప్పుడు ఎస్తేరు మంచంలో ఉంది. లేచింది. బియ్యం, పెసరపప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. చేతులకు అలవాటైన పని కాబట్టి అవి చేసుకుపోయాయి. గిన్నె నెత్తిన పెట్టుకొని, వంగిన కాళ్లతో గట్ల వెంబడి నడిచి పోయింది. నాగరాణి ఎదురొచ్చి గిన్నె దించింది.

"మా అత్త డబ్బ కడుతుంటే నేనే కొట్లాడిన అక్కా" అన్నది మెల్లగా. "మొన్న సోమవారం డబ్బ గుంజి పారేసిన. ఎస్తేరక్క జూసుకుంటది, ఆడనే తిను అని పంపిన. నీ మీద గంత నమ్మకం నాకు."

ఎస్తేరు గిన్నె మూత తీసి పక్కన పెట్టింది.

కిచిడి ఆకులో పెట్టారు. కాకి రాలేదు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు, అది ఆచారం. "నీ సైకిలు ఎవ్వలకియ్య బిడ్డా" అన్నాడు వెంకటేష్. కాకి కదలలేదు. అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చింది. "నిన్ను సంపిన గా అఫ్రీన్ పిల్లను మళ్ల బడి మెట్టెక్కనియ్యం తల్లీ. వాళ్లను ఊళ్లెనే ఉండనియ్యం. ఇగ ఫికర్ పెట్టుకోకు, ముట్టు" అన్నది. వెనకనున్న మనుషులు అవును అవును అన్నారు.

ఎస్తేరు ఎప్పుడు ముందుకు నడిచిందో ఎవరూ చూడలేదు. మోకాళ్లు వంగవు కాబట్టి ఆకు ముందు నేల మీద చతికిలబడింది.

"గా పిల్ల ఏం జెయ్యలే బిడ్డా. నేను పెట్టిన. టమాట కూరల పల్లిపొడి కలిపి, లేదని జెప్పి పెట్టిన."

అందరికీ వినబడింది. వినబడినా అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఒక్కసారిగా మీదపడ్డారు. జుట్టు ఎవరు పట్టుకున్నారో, వీపు మీద ఎవరు తన్నారో తెలియదు. "చూసిండ్రా" అంటోంది అండాలమ్మ, ఆమె గొంతులో ఏడుపుతోపాటు గెలుపు కూడా ఉంది. "ఇరవై ఏండ్ల సంది నేను చెప్తున్న, గా చేతి కూడు ఇంట్లకు రావద్దని. ఒక్కరన్న ఇన్నరా?" ఇప్పుడు అందరూ విన్నారు. ఇక ఆ బడిలో ఎస్తేరు వాడకట్టు మనిషి ఎవరూ గరిటె పట్టరని ఆ గట్టు మీదనే తేలిపోయింది.

వెంకటేష్ రాయి ఎత్తాడు.

"మీరు అబద్ధం చెప్తున్నరనుకున్న" అన్నది ఎస్తేరు, నాగరాణి వైపు చూస్తూ. "చిన్నప్పుడు నీ పెనిమిటి నాకు గిట్లనే జెప్పిండు. పప్పు పడదు, చారు పడదు, అన్నం గూడ పడదన్నడు. ఇది సుత గట్లనే అనుకున్న."

రాయి వెంకటేష్ చేతిలోనే ఉండిపోయింది. విసరలేదు, కింద పడేయలేదు.

ఇంతలో వెనక నుంచి ఎవరో "ముట్టింది, ముట్టింది" అన్నారు. ఈ గొడవలో కాకి దిగి కిచిడి ముద్ద ఎత్తుకుపోయింది. అమ్మయ్య అనుకున్నారు జనం. తన్నే కాళ్లు ఆగాయి. పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు, ఇంటికి పోయి స్నానాలు చేయాలి, పోలీసులకు చెప్పే పని సారు చూసుకుంటాడు. ఒకరి వెనక ఒకరు గట్టు దిగిపోయారు. అండాలమ్మ కొడుకు చేయి పట్టుకొని నడిపించుకుపోయింది.

నాగరాణి పోలేదు. ఎస్తేరు ఎదురుగా మట్టిలో కూర్చుంది. ఎస్తేరు నోట్లోంచి రక్తం కారుతోంది. నాగరాణి దాన్ని తుడవలేదు, ఆమెను తిట్టలేదు.

"మా ఆయన సంగతి నాకు తెల్వదక్కా. మా అత్త సంగతి తెలుసు. వాళ్లు నిన్నేమన్నరో, ఏం జేసిండ్రో అయి ఉంటయి" అన్నది. "నా బిడ్డ నీకు ఏం జేసింది?"

ఎస్తేరు దగ్గర ఇరవై ఒక్క ఏళ్ల జవాబులున్నాయి. ఏ ఇంటివాళ్లు ఏ రోజు ఏ మాటన్నారో పేరు పేరునా చెప్పగలదు. అన్నీ వెతికింది. ఆ పిల్ల పేరు ఎక్కడా లేదు.

"ఏం జెయ్యలే" అన్నది.